మాట పడిపోవడం వేరు, మాట అరిగిపోవడం వేరు: ప్రోగ్రెసివ్ అఫేజియాలో ఏళ్ల వెంబడి జరిగేది

క్లుప్తంగా: ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అనేది మెదడులో భాషను నడిపే భాగాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా క్షీణించే జబ్బు. ఇందులో మూడు ప్రధాన రకాలున్నాయి. ఒకదానిలో పలుకూ వాక్యమూ ముందు దెబ్బతింటాయి. రెండోదానిలో మాటల అర్థం చెరిగిపోతుంది. మూడోదానిలో అర్థం తెలిసినా మాట సమయానికి దొరకదు. మొదటి కొన్నేళ్లు ఈ మూడు దారులు విడివిడిగా కనిపిస్తాయి, తర్వాత ఒకదానిలో ఒకటి కలుస్తాయి. జబ్బును ఆపే మందు ఇంకా లేదు. తెలుగు మాట్లాడేవారిలో దీన్ని పసిగట్టడానికి ఇంగ్లిష్ పరీక్షల అనువాదం సరిపోదు.

## ఒక మనిషికి రెండు జబ్బుల పేర్లు

2022 మార్చిలో హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్ నటన నుంచి తప్పుకుంటున్నారని ఆయన కుటుంబం ప్రకటించింది. అప్పుడు చెప్పిన కారణం అఫేజియా, అంటే మెదడు దెబ్బతిని భాష చెడటం. 2023 ఫిబ్రవరిలో అదే కుటుంబం ఇంకో పేరు చెప్పింది: ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా, అంటే మెదడు ముందు భాగమూ కణతల దగ్గరి భాగమూ క్షీణించే జబ్బు. మొదట డాక్టర్లు పొరబడ్డారేమో అని చాలామంది అనుకున్నారు. రెండు ప్రకటనలకూ నిజానికి పేచీ లేదు. అఫేజియా అనేది జ్వరం లాంటి లక్షణం. జ్వరం మలేరియా వల్ల రావచ్చు, టైఫాయిడ్ వల్ల రావచ్చు. అఫేజియా కూడా అంతే. స్ట్రోక్ వల్ల, తలకు దెబ్బ తగలడం వల్ల, మెదడులో గడ్డ వల్ల, లేదంటే నెమ్మదిగా సాగే క్షీణత వల్ల రావచ్చు.

ఈ చివరి కారణంతో వచ్చి, మొదటి దశలో భాషే ప్రధానంగా దెబ్బతింటే దాన్ని ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అంటారు. మాంటీ పైథాన్ హాస్య బృందంలో ఒకరైన టెర్రీ జోన్స్‌కు ఈ జబ్బు ఉందని 2016లో బయటికి చెప్పారు. 2020 జనవరిలో ఆయన చనిపోయారు. మాటలే జీవనాధారమైన మనిషికి ముందు మాటలే పోవడం వల్ల ఆ వార్త అప్పట్లో అంతగా చర్చకు వచ్చింది.

జబ్బు మాత్రం కొత్తది కాదు. 1892లోనే ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు, క్రమంగా భాష కోల్పోయిన 71 ఏళ్ల మనిషి మెదడులో ఒక భాగం కుంచించుకుపోయి ఉండటాన్ని నమోదు చేశాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఇలాంటివాళ్లందరినీ డిమెన్షియా అనే ఒకే గంపలో వేశారు. 1982లో అమెరికన్ న్యూరాలజిస్ట్ మార్సెల్ మెసులమ్ ఆరుగురు రోగుల వివరాలు ప్రచురించాడు. ఏళ్లు గడిచినా వాళ్లకు మాట పోతోందే తప్ప జ్ఞాపకశక్తి, తెలివి, రోజువారీ వ్యవహారం పెద్దగా చెడలేదని చూపించాడు. ఇది విడిగా చూడాల్సిన జబ్బు అన్న ఆలోచన అక్కడ గట్టిపడింది.

## పక్షవాతంతో పోలిక ఎక్కడ తప్పుతుంది

తెలుగు ఇళ్లల్లో 'మాట పడిపోయింది' అంటే పక్షవాతమనే అర్థం. రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున్నే లేచి మాట్లాడలేకపోతాడు. దెబ్బంతా మొదటి రోజే తగులుతుంది. ఆ తర్వాత వారాల్లో, నెలల్లో ఎంతో కొంత తిరిగి వస్తుంది. (ఇలా ఉన్నట్టుండి మాట పోతే మాత్రం ఈ వ్యాసంలోని వర్ణనలతో పోల్చి చూసుకుంటూ కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.)

ప్రోగ్రెసివ్ అఫేజియాలో అంతా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఫలానా రోజున మొదలైందని ఎవరూ చెప్పలేరు. మొదట్లో వయసు మీద పడిందనో, టెన్షన్ అనో, చెవుడు అనో సరిపెట్టుకుంటారు. చాలామందికి ఇది 65 ఏళ్ల లోపే, ఇంకా ఉద్యోగంలో ఉండగానే మొదలవుతుంది కాబట్టి డిమెన్షియా అన్న అనుమానమే రాదు.

దెబ్బ తగిలే చోటు కూడా వేరు. స్ట్రోక్‌లో మెదడులో ఏ భాగం చచ్చిపోవాలో మూసుకుపోయిన రక్తనాళం నిర్ణయిస్తుంది. అందువల్ల కొన్ని భాగాలకు తరచుగా దెబ్బ తగులుతుంది, కొన్నిటికి దాదాపు తగలనే తగలదు. ఎడమ కణత లోపల ఉండే టెంపొరల్ లోబ్ ముందు కొస రెండో కోవలోది. 19వ శతాబ్దంలో పాల్ బ్రోకా, కార్ల్ వెర్నికి అనే వైద్యులు మొదలుపెట్టిన భాషా పటం (మెదడులో భాష ఎక్కడెక్కడ ఉందో చూపేది) ఎక్కువగా స్ట్రోక్ రోగులను చూస్తూ పెరిగింది. అందుకే ఆ కొసకు భాషలో పెద్ద పాత్ర ఉందని ఆ పటంలో లేదు. క్షీణించే జబ్బు రక్తనాళాల దారిన పోదు. ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే నాడీకణాల అల్లిక వెంట పాకుతుంది. మాటల అర్థం ఆ ముందు కొస మీద ఎంతగా ఆధారపడి ఉందో తెలిసింది ఈ రోగుల వల్లే.

## ఒకే బొమ్మ, మూడు రకాల మాటలు

అఫేజియా పరీక్షల్లో ప్రపంచమంతా వాడే ఒక బొమ్మ ఉంది. 1972 నాటి బోస్టన్ పరీక్షలోది. వంటగదిలో తల్లి పళ్లేలు తుడుస్తుంటుంది, సింకు నిండి నీళ్లు కింద పడుతుంటాయి. ఆమె వెనక ఒక పిల్లాడు స్టూలెక్కి డబ్బాలోంచి బిస్కెట్లు దొంగతనంగా తీస్తుంటాడు. స్టూలు ఒరిగిపోతుంటుంది. కింద చెల్లెలు చెయ్యి చాచి నిలబడి ఉంటుంది. 'ఇందులో ఏం జరుగుతోందో చెప్పండి' అని అడిగి, వచ్చిన జవాబును రికార్డు చేస్తారు.

మూడు రకాల రోగులు తెలుగులో దీన్ని ఎలా చెబుతారో ఊహించుకుంటే తేడా తేటతెల్లమవుతుంది. కింది వాక్యాలు కేవలం నమూనాలు.

మొదటి రకం: "పిల్లాడు... స్... స్తూ... స్టూలు. బిస్కె... బిస్కెట్టు... తీసి. అమ్మ... నీళ్లు... పడి."

రెండో రకం: "వాడేమో అది ఎక్కి అందులోంచి అవి తీస్తున్నాడు. ఈవిడ ఇక్కడ నిలబడి ఇది చేస్తోంది. ఇదంతా కిందికి వచ్చేస్తున్నా చూసుకోవట్లేదు."

మూడో రకం: "పిల్లాడు... ఆ... ఎక్కుతామే, కుర్చీ కాదు, పొట్టిగా ఉంటుంది... స్టూలు, స్టూలెక్కి డబ్బాలోంచి... బిక్సె... బిస్కెట్లు తీస్తున్నాడు."

రెండో మనిషి మాట ధారగా వచ్చింది, వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. అయినా బొమ్మ చూడనివాళ్లకు అందులోంచి ఏమీ తెలియదు. మొదటి మనిషి ముక్కలుగా చెప్పినా విషయం అందింది. మూడో మనిషి చుట్టూ తిరిగి గమ్యం చేరాడు. 2011లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణాల్లో ఈ మూడిటికీ నాన్‌ఫ్లూయెంట్, సెమాంటిక్, లోగోపెనిక్ అనే పేర్లు స్థిరపడ్డాయి. చివరి పేరు గ్రీకు మాటల నుంచి వచ్చింది. 'మాటల కొరత' అని దానికి అర్థం.

## పలుకు మొండికేసే దారి

నాన్‌ఫ్లూయెంట్ రకంలో నుదుటి వెనక ఉండే ఎడమ ఫ్రాంటల్ లోబ్ కింది భాగమూ, దాని పక్కనే లోపలికి దాగి ఉండే ఇన్సులా అనే ప్రాంతమూ ముందు దెబ్బతింటాయి. ఆలోచనను వాక్యంగా పేర్చడం, ఆ వాక్యానికి తగ్గట్టు నాలుక, పెదవులు, గొంతు ఏ వరుసలో కదలాలో ముందే సిద్ధం చేయడం వీటి పని.

మొదట కనిపించేది వేగం తగ్గడం. ఇంగ్లిష్ మాట్లాడేవారిపై జరిగిన పరిశీలనల్లో ఆరోగ్యవంతులు నిమిషానికి 140 మాటల దాకా పలికితే, ఈ రోగుల సగటు 45 దరిదాపుల్లో ఉంది. కండరాల్లో బలం తగ్గడం ఇందుకు కారణం కాదు. కదలికల పథకం చెడుతుంది. అందుకే ఒకే మాటను మూడుసార్లు పలకమంటే మూడు రకాలుగా తప్పు వస్తుంది. పొట్టి మాట బాగానే వచ్చి, సంయుక్తాక్షరాలున్న పొడుగు మాట దగ్గర నాలుక మొరాయిస్తుంది. 'అవును' అనబోయి 'కాదు' అనడం కూడా ఈ రకం రోగుల్లో నమోదైన లక్షణమే. ఇంట్లో దీనివల్ల వచ్చే గొడవలు అన్నీ ఇన్నీ కావు, ఎందుకంటే ఆ మనిషి మనసు మార్చుకున్నాడని అందరూ అనుకుంటారు.

ఏడాది, రెండేళ్లు గడిచేసరికి వాక్యాలు పొట్టివవుతాయి. రాతలోనూ అదే జరుగుతుంది, కానీ చాలామందికి పలుకు కంటే రాత కొంతకాలం ఎక్కువ నిలుస్తుంది. విడిమాటల అర్థం చెక్కుచెదరదు. మెలిక ఉన్న వాక్యాలే అర్థం కావు. 'పులిని సింహం చంపింది' అని చెప్పి, చచ్చింది ఏదని అడిగితే తడబడవచ్చు. పులి అంటే తెలుసు, సింహం అంటే తెలుసు, పట్టుకోలేనిది ఆ 'ని' చెప్పే సంగతి.

తర్వాతి దశ మౌనం. ఈ రకంలో మౌనం తొందరగా రావచ్చు. మాట పూర్తిగా ఆగిపోయినా డబ్బుల లెక్క చూసుకుంటూ, ఇంటి పనులు చేసుకుంటూ ఉండే రోగులు ఉంటారు. ఇంకొంత కాలానికి మింగడం కష్టమవుతుంది. కొందరికి ఒక చెయ్యి మాట వినదు, కొందరు వెనక్కి పడిపోతుంటారు. పార్కిన్సన్ జబ్బు కోవకు చెందిన ఈ లక్షణాలు కొత్త జబ్బేమీ కాదు. లోపల ఉన్న అదే క్షీణత పక్క ప్రాంతాలకు పాకిందని సూచన.

ఇందులో ఒక ఉపకథ ఉంది. వ్యాకరణం, అర్థం, రాత అన్నీ బాగుండి కేవలం పలుకు పథకం మాత్రమే చెడేవాళ్లు కొందరుంటారు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు దీన్ని ప్రోగ్రెసివ్ అప్రాక్సియా ఆఫ్ స్పీచ్ అని విడదీశారు. నిక్కచ్చిగా చూస్తే అది అఫేజియా కాదు. భాష ఉంది, నోటికి దారి మూసుకుపోయింది.

## అర్థం చెరిగిపోయే దారి

మూడిటిలో ఎక్కువమందిని తికమక పెట్టేది సెమాంటిక్ రకం, ఎందుకంటే వినేవాళ్లకు మాట మామూలుగానే వినిపిస్తుంది. మనిషి గలగలా మాట్లాడతాడు. నిన్న ఎవరొచ్చారో, బస్సు ఎన్నింటికో చెబుతాడు. పోతున్నవి పేర్లు. వాటి వెనకే వాటి అర్థాలు.

పోయే పద్ధతికి ఒక వరుస ఉంది. అరుదుగా వాడే మాటలు ముందు, తరచుగా వాడేవి చివర. ప్రత్యేకమైన పేరు పోయాక దాని జాతి పేరు కొంతకాలం నిలుస్తుంది, అదీ పోతే సర్వనామం మిగులుతుంది. 'దోసకాయ' అనాల్సిన చోట కొన్నాళ్లు 'కాయ', ఆ తర్వాత 'అది'. జీబ్రా గుర్రమవుతుంది, తర్వాత జంతువు అవుతుంది. మాట మాత్రమే మరిచిపోయారా, దాని వెనక ఉన్న జ్ఞానమే పోయిందా అన్నది బొమ్మలు గీయించి చూశారు. ఒంటె బొమ్మ చూపించి, తీసేసి, కాసేపాగి గీయమంటే మూపురం లేకుండా గీస్తారు. బాతుకు నాలుగు కాళ్లు పెడతారు. జంతువులకు సాధారణంగా ఉండేవి నిలిచి, ఆ ఒక్క జంతువుకే ప్రత్యేకమైనవి చెరిగిపోయాయన్నమాట.

ఇంట్లోవాళ్లను మొదట ఉలిక్కిపడేలా చేసేది సాధారణంగా ఒక ప్రశ్న. ముప్పై ఏళ్లు వంట చేసిన మనిషి 'వాము వెయ్యి' అంటే ఆగి, 'వాము అంటే ఏమిటి?' అని అడగడం. మతిమరుపు ఉన్నవాళ్లు వాము డబ్బా ఎక్కడ పెట్టారో మరిచిపోతారు. ఇక్కడ వాము అన్న మాటే పరాయి భాషలో మాటలా వినిపిస్తుంది. లోగోపెనిక్ రోగికి 'వా...' అని అందిస్తే మాట దొరికే అవకాశం ఉంది. ఈ రోగికి పూర్తి మాట చెప్పినా ఉపయోగం తక్కువ.

ఏ మాటలు నిలుస్తాయన్నది మనిషి జీవితాన్ని బట్టి కూడా ఉంటుంది. రోజూ చేతిలో మెలిగే వస్తువుల పేర్లు, తన ఊరు, తన పని తాలూకు మాటలు ఆలస్యంగా పోతాయి. ఈ లెక్కన రైతుకు కొడవలి, నాగలి నిలిచి వయొలిన్, పియానో పోతే, సంగీతం మాస్టారుకు అది తిరగబడాలి. అందుకే అందరికీ ఒకే బొమ్మల పుస్తకం చూపించి మార్కులు వేయడంలో కొంత పొరపాటు ఎప్పుడూ ఉంటుంది.

మూడు నాలుగేళ్లకు క్షీణత కుడి టెంపొరల్ లోబ్‌కు పాకితే తెలిసిన ముఖాలు, గొంతులు గుర్తుపట్టడం కష్టమవుతుంది. ప్రవర్తన మారుతుంది: గడియారం చూసి నిమిషం తేడా లేకుండా భోజనం, ఒకే రకం తిండి, తీపి మీద యావ, ఎదుటివాళ్ల బాధ పట్టకపోవడం. మాటల సంఖ్య ఇంకా తగ్గి, చివరికి నాలుగైదు అరిగిన వాక్యాలు మిగులుతాయి. ఏం అడిగినా అవే. ఆ దశలో కూడా ఆ వాక్యాల ఉచ్చారణ స్పష్టంగానే ఉంటుంది.

## మాట దొరకని దారి

లోగోపెనిక్ రకం మొదట్లో అందరికీ జరిగేదానిలాగే ఉంటుంది. 'నోట్లో నానుతోంది, గుర్తురావట్లేదు' అనని మనిషి ఉండడు. తేడా ఎంత తరచుగా అన్నదానిలో, ఎలాంటి మాటలకు అన్నదానిలో ఉంది. వయసుతో తడబడేవి ఎక్కువగా మనుషుల పేర్లు. ఈ జబ్బులో చెంచా, తలుపు, దువ్వెన లాంటి మాటల దగ్గర కూడా ఆగిపోతారు.

దీని వెనక యంత్రాంగం వేరు. విన్న శబ్దాలను రెండు మూడు సెకన్లు మనసులో పట్టి ఉంచే చిన్న నిల్వ ఒకటుంది. ఫోన్ నంబరు విని, డయల్ చేసేదాకా పెదవుల మీద ఆడించేది దాన్నే. ఎడమ చెవి పైన, వెనకగా టెంపొరల్, పరైటల్ లోబ్‌లు కలిసేచోట క్షీణత మొదలైతే ఆ నిల్వ కుంచించుకుపోతుంది. అందుకే డాక్టర్లు 'నేను చెప్పిన వాక్యం తిరిగి చెప్పండి' అనే పరీక్ష పెడతారు. మూడు మాటల వాక్యం వస్తుంది. ఎనిమిది మాటల వాక్యం మధ్యలో కూలిపోతుంది. భావం చెప్పగలరు, మాటలు అవే వరుసలో రావు. శబ్దాలు తారుమారవుతాయి, కానీ నాన్‌ఫ్లూయెంట్ రకంలోలా వంకరపోవు. 'బిక్సెట్' తప్పు మాటే, అయినా అందులోని ప్రతి శబ్దమూ శుభ్రంగా పలికిందే.

ఈ రోగుల్లో అత్యధికుల మెదడులో ఉండేది అల్జైమర్స్ జబ్బే. జ్ఞాపకశక్తి దగ్గర మొదలు కావాల్సింది భాష దగ్గర మొదలైంది. కాలం గడిచేకొద్దీ అది తన అసలు రూపం చూపిస్తుంది: లెక్కలు తప్పడం, జరిగింది మరిచిపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం.

## దారులు కలిసే చోటు

మూడు రకాలకూ కింద ఉన్న ప్రొటీన్లు సాధారణంగా వేరు. నాన్‌ఫ్లూయెంట్‌లో ఎక్కువగా టౌ, సెమాంటిక్‌లో ఎక్కువగా టీడీపీ-43, లోగోపెనిక్‌లో అల్జైమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్, టౌ జంట. ఇవి నాడీకణాల్లోనో వాటి మధ్యనో గడ్డకట్టి కణాలను చంపుతాయి. అయితే మాట తీరును బట్టి లోపలి ప్రొటీన్‌ను కచ్చితంగా చెప్పలేం. అది బలమైన ఊహ మాత్రమే. ఒకే ప్రొటీన్ ఒకరిలో మాటనూ, ఇంకొకరిలో ప్రవర్తననూ ముందు పట్టుకోవడానికి పూర్తి వివరణ ఇంకా దొరకలేదు. కొంతమందిలో జన్యువులు కారణం. ఈ రోగుల్లోనూ వాళ్ల రక్తసంబంధీకుల్లోనూ చిన్నప్పుడు చదవడంలో ఇబ్బంది పడినవాళ్లు మామూలు కంటే ఎక్కువగా కనిపించారు. భాషా వ్యవస్థలో పుట్టుకతో ఉన్న బలహీనత, వయసొచ్చాక జబ్బుకు మొదటి ద్వారమవుతుందేమోనన్న వాదన దాన్నుంచే పుట్టింది.

కాలక్రమంలో రకాల మధ్య గోడలు పలచబడతాయి. నాన్‌ఫ్లూయెంట్ రోగికి పేర్లు దొరకడం మానేస్తాయి, సెమాంటిక్ రోగి మాట తగ్గిపోతుంది, లోగోపెనిక్ రోగి మాటలు శబ్దాల గందరగోళమవుతాయి. అయిదారేళ్ల తర్వాత మొదటిసారి చూసిన డాక్టరుకు ఏది ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. అసలు మొదటి నుంచే ఏ గడిలోనూ ఇమడనివాళ్లు కూడా తక్కువేం కాదు. లక్షణాలు మొదలైన దగ్గర నుంచి జీవితకాలం నాన్‌ఫ్లూయెంట్, లోగోపెనిక్ రకాల్లో సగటున ఏడెనిమిదేళ్లు, సెమాంటిక్‌లో దాదాపు 12 ఏళ్లని అంచనాలున్నాయి. సగటు చుట్టూ అటూ ఇటూ తేడా చాలా ఎక్కువ.

## తెలుగులో దీని ఆనవాళ్లు

పాఠ్యపుస్తకాల్లోని వర్ణనలు ఎక్కువగా ఇంగ్లిష్ రోగుల నుంచి వచ్చినవి. సెమాంటిక్ రకానికి పేరుపొందిన గుర్తు ఒకటి చూద్దాం. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ ఒకటి, పలుకు ఒకటిగా ఉండే మాటలు చాలా ఉన్నాయి. పడవకు వాడే 'యాట్' అన్న మాటను ఈ రోగులు అక్షరాలు కూడబలుక్కుని 'యాచ్ట్' అని చదువుతారు. మాట అర్థం తెలియనప్పుడు దాని ప్రత్యేకమైన పలుకు కూడా అందదు. తెలుగు లిపిలో రాసింది రాసినట్టే చదువుతాం. అర్థం పూర్తిగా పోయిన మాటను కూడా తెలుగు రోగి తప్పు లేకుండా చదవగలడు. ఆ పరీక్ష తెలుగులో మూగబోతుంది. జపాన్‌లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి: శబ్దాన్ని రాసే కన అక్షరాలు బాగా చదివే రోగి, భావాన్ని రాసే కంజి దగ్గర తప్పుతాడు. 1943లోనే త్సునెవో ఇమురా అనే జపాన్ వైద్యుడు దీన్ని 'గోగి' అఫేజియా, అంటే మాటల అర్థం పోయిన అఫేజియా అని వర్ణించాడు.

వ్యాకరణం సంగతి ఇంకా చిక్కు. ఇంగ్లిష్ రోగి క్రియ చివరి తోకను వదిలేస్తే మిగిలింది కూడా ఒక మాటే. తెలుగులో 'వచ్చాడు'లోంచి చివర తీసేస్తే మిగిలేది మాట కాదు. ఇలాంటి భాషల్లో రోగులు ప్రత్యయాన్ని వదిలేయడం కంటే ఒకదాని బదులు ఇంకోటి పెట్టడం ఎక్కువని స్ట్రోక్ రోగులపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి తెలుగులో చూడాల్సింది తోక ఉందా లేదా అని కాదు, సరైన తోకేనా అని. 'అక్క వచ్చాడు', 'ఊరిని వెళ్లాను' లాంటివి. భాష మారితే జబ్బు ముఖం మారుతుందనడానికి నేరుగా ఆధారం కూడా ఉంది. 2020లో వచ్చిన ఒక అధ్యయనం నాన్‌ఫ్లూయెంట్ రకం ఉన్న ఇటాలియన్, ఇంగ్లిష్ రోగులను పోల్చింది. హల్లుల గుంపులు ఎక్కువగా ఉన్న ఇంగ్లిష్ మాట్లాడేవారిలో పలుకు దోషాలు ఎక్కువ, ప్రత్యయాలు ఎక్కువగా ఉన్న ఇటాలియన్ మాట్లాడేవారిలో వాక్య నిర్మాణం ఎక్కువ సరళమైపోయింది.

'ది లయన్ వజ్ కిల్డ్ బై ది టైగర్' లాంటి వాక్యాన్ని 'సింహం పులి చేత చంపబడింది' అని అనువదించి పరీక్ష పెడితే ఆరోగ్యవంతుడు కూడా ఒక్క క్షణం ఆగుతాడు. అలా ఎవరు మాట్లాడతారు?

ఇంకో ఇబ్బంది 'ఇది' అన్న మాటతో. 'కాస్త అది ఇలా ఇవ్వు', 'కొంచెం ఇదిగా ఉంది', 'దాన్ని ఇది చెయ్యి' లాంటి వాక్యాలతో రోజంతా నెట్టుకురావడం తెలుగులో తేలిక. పేర్లు ఒక్కొక్కటే మాయమవుతున్నా చాలాకాలం ఎవరికీ అనుమానం రాకపోవచ్చు. దీనికి తోడు ఒకే వస్తువుకు ప్రాంతానికో పేరు. సొరకాయ బొమ్మ చూసి 'ఆనపకాయ' అన్న శ్రీకాకుళం మనిషికి మార్కు తగ్గించకూడదు. 'కుర్చీ' బదులు 'చెయిర్' అన్నా తప్పు కాదు. అదే మనిషి నిన్నటిదాకా ఏ మాట వాడేవాడన్నదే అసలు కొలత.

## రెండు భాషలు రక్షిస్తాయా

ఈ ప్రశ్నకు ప్రపంచం చూపు హైదరాబాద్ వైపు తిప్పిన పరిశోధన ఒకటుంది. అప్పట్లో నిమ్స్‌లో న్యూరాలజిస్ట్‌గా ఉన్న సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలగలిసిన ఊరు కాబట్టి, వలస, చదువు లాంటి తేడాలతో కలిసిపోకుండా భాషల ప్రభావాన్ని చూసే వీలు అక్కడ దొరికింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు, అంతకు మించి భాషలు వచ్చినవారిలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనబడింది. బడికి వెళ్లనివారిలో కూడా ఈ తేడా ఉంది. మన పేపర్లలో బాగా వచ్చిన వార్త అది.

అంతగా రాని వార్త 2017 నాటిది. అదే బృందం ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా రోగులను విడదీసి చూసింది. ప్రవర్తన దెబ్బతినే రకంలో రెండు భాషలవారికి జబ్బు ఆలస్యంగా వచ్చింది. అఫేజియా రకాల్లో అలాంటి లాభం కనబడలేదు. ఇందులో ఒక తర్కం ఉంది. రెండు భాషల మధ్య మారుతూ ఉండటం వల్ల గట్టిపడేది ఎక్కువగా నియంత్రణ వ్యవస్థ: ఏది అణచాలి, ఏది బయటికి తేవాలి అన్నది. జబ్బు నేరుగా భాషా యంత్రాంగానికే తగిలినప్పుడు ఆ బలం అక్కరకు రాకపోవచ్చు.

ఏ భాష ముందు పోతుందన్నదానికి ఒక్క జవాబు లేదు. ఎక్కువ కేసుల్లో రెండూ కలిసే క్షీణిస్తాయి. తేడా ఉంటే తర్వాత నేర్చుకున్నది, తక్కువ వాడినది ముందు బలహీనపడటమే ఎక్కువ. విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా సంబంధించిన సంగతి. అక్కడి పరీక్ష ఇంగ్లిష్‌లో జరుగుతుంది, మనవలతో మాటలు ఇంగ్లిష్‌లో సాగుతాయి, మిగిలే భాషేమో తెలుగు కావచ్చు. ఇంగ్లిష్ మార్కులు మాత్రమే చూస్తే జబ్బు ఉన్నదానికంటే ముదిరినట్టు కనబడే ప్రమాదం ఉంది.

## ఏం చేయగలరు

క్షీణతను ఆపే మందు లేదు. స్పీచ్ థెరపీ చేసేది ఉన్న మాటలను ఎక్కువకాలం నిలపడం. అమెరికాలో నాన్‌ఫ్లూయెంట్ రోగులతో చేసిన ఒక పద్ధతిలో, రోగి తన జీవితానికి అవసరమైన చిన్న చిన్న ప్రసంగాలు ఎంచుకుంటాడు: ఉద్యోగం గురించి, పిల్లల గురించి, హోటల్లో ఆర్డరు చెప్పడం గురించి. స్పష్టంగా పలికే మనిషి వీడియో పెట్టుకుని దానితోపాటే గొంతు కలిపి రోజూ సాధన చేస్తాడు. అలా సాధన చేసిన ప్రసంగాలు ఏడాది దాకా నిలిచాయి. సెమాంటిక్ రోగులు కూడా పోయిన పేర్లను మళ్లీ నేర్చుకోగలరు, కాకపోతే నేర్చుకున్న ఫొటోకే అతుక్కుపోతారు. పుస్తకంలోని దువ్వెన గుర్తుపట్టినవాళ్లు అద్దం ముందున్న దువ్వెనను గుర్తుపట్టకపోవచ్చు. అందుకే సొంత ఇంటి వస్తువుల ఫొటోలతోనే సాధన చేయించాలంటారు. సాధన ఆగితే మాట జారిపోతుంది.

ఇంట్లో మాట్లాడే తీరు కూడా రకాన్ని బట్టి మారాలి. నాన్‌ఫ్లూయెంట్ మనిషికి సమయం ఇవ్వాలి, అవును కాదుల దగ్గర తల ఊపడమో వేలు చూపడమో అడగాలి. సెమాంటిక్ మనిషికి ఎంత నెమ్మదిగా చెప్పినా తెలియని మాట తెలియదు, వస్తువే చేతిలో పెట్టాలి. లోగోపెనిక్ మనిషికి పొడుగు వాక్యం విరిచి చెప్పాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతోపాటు పట్టుకెళ్లదగినది ఇంకొకటి ఉంది. ఈ జబ్బును పట్టించేది ఒక రోజు మాట కాదు, రెండు రోజుల మాటల మధ్య తేడా. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫోన్లలో మూడేళ్ల కిందటి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, అయిదేళ్ల కిందటి పెళ్లి వీడియోలు తేదీలతో సహా ఉంటాయి. నిమిషానికి ఎన్ని మాటలు, ఎక్కడ ఆగారు, ఎన్నిసార్లు 'అది' అన్నారు, పేర్లు ఎన్ని చెప్పారు అన్నవన్నీ అందులో లెక్కపెట్టవచ్చు. మాట ఇంకా బాగున్నప్పుడే సొంత గొంతుతో పేర్లు, పిలుపులు, రోజూ వాడే వాక్యాలు రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత బొమ్మ నొక్కితే మాట వినిపించే ఫోన్ యాప్‌లలో ఆ గొంతునే పెట్టుకోవచ్చు.